పోలమ్మ పేరున కరెంటు

నమోదు 1
చిప్పు వేడి: అరవై రెండు. నా వేడి: అంతకన్నా ఎక్కువ.

ఇవాళ్టి నుంచి గుమాస్తా బాగోగులు రాతలో ఉండాలని సభ తీర్మానించింది. ఏ పనీ తోచనప్పుడు మా సభ తీర్మానిస్తుంది. రాసేది మాత్రం నేనే.

గుమాస్తా అంటే మనిషి కాదు. సముద్రంలో తెప్పల మీద తేలే మా నీటిపేటకంతటికీ ఉన్న ఒకే ఒక లెక్కల యంత్రం, పాతకాలపు డెస్క్‌టాప్ కంప్యూటర్. పక్క రేకు ఎప్పుడో ఊడిపోయింది. నొక్కే బటన్ లేదు కాబట్టి, లోపలి రెండు పిన్నులకి గాలం ముల్లు తాకిస్తే లేస్తుంది. నడిమధ్య అగ్గిపెట్టె మూతంత ప్రాసెసర్ ఉంది. అది మాడిపోతే ఇంకొకటి లేదు. ఒడ్డు మీదా లేదు, ఎక్కడా లేదు. చిప్పులు చేసే కార్ఖానాలు మా అమ్మమ్మ పెళ్ళికి ముందే మూతపడ్డాయి. దీనికి కాపలా నేను, నూకరత్నాన్ని.

దాని పని ఒక్కటే. సముద్రంలో వదిలిన కొలత డబ్బాలు గాలీ, నీటిమట్టం చెబుతాయి. వాటిని బట్టి తుఫాను ఎటు నుంచి వస్తుందో గుమాస్తా లెక్కగట్టాలి. ఈశాన్యం నుంచైతే ఊళ్ళో తెప్పలన్నిటినీ మడ అడవి కాలువలోకి లాగుతాం. దక్షిణం నుంచైతే పాత లైటుహౌసు వెనక్కి లాగుతాం. తప్పు చోటికి లాగితే, కదలకుండా ఉన్నదానికన్నా ఘోరం.

పోయినేడు గుమాస్తా పదకొండు గంటలు ఆలోచించి, తుఫాను వెళ్ళిపోయాక, తుఫాను వస్తోందని చెప్పింది. ఈశాన్యమట. ఆ సంగతి అప్పటికే మాకు తెలుసు. ఊరందరికీ వండే వంటతెప్ప లేదు. దాని మీద పులుసు కాస్తున్న పోలమ్మ లేదు.

పోలమ్మ నా ఆడపడుచు. ముప్పై ఏళ్ళలో ఆమెకూ నాకూ ఒక్క విషయంలోనూ పడలేదు. పులుసులో ఉప్పు దగ్గర మొదలుపెట్టి, నా మొగుడి పెంపకం దాకా వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పులుసులో ఉప్పు సరిగ్గానే ఉంటోంది. నాకు సహించడం లేదు.

నమోదు 2
చిప్పు వేడి: ఎనభై ఎనిమిది. ఎందుకో కింద చదవండి.

పోలమ్మ కొడుకు బులిబాబు నాకు సాయం. చేతిలో పనితనం ఉంది, తలలో తేనెటీగలు ఉన్నాయి. పొద్దున నేను వచ్చేసరికి గుమాస్తా ముందు కూర్చుని పళ్ళికిలిస్తున్నాడు.

"అత్తా, వేగం పెంచేసా. పదకొండు గంటల లెక్క ఆరు గంటల్లో వచ్చేత్తది!"

చదివేవాళ్ళ కోసం ఒక ముక్క చెబుతాను. చిప్పు లోపల ఒక తాళం కొట్టుకుంటూ ఉంటుంది, తెడ్లు వేసేవాళ్ళకి హైలెస్సా లాగ. తాళం జోరు పెంచితే పడవ జోరుగా పోతుంది. ఆ జోరుకి ఒంట్లో సత్తువ కావాలి కాబట్టి, చిప్పుకి వోల్టేజీ పెంచాలి. వోల్టేజీ పెరిగితే వేడెక్కుతుంది. మరీ జోరు పెంచితే ఒకడి తెడ్డు పక్కవాడి నెత్తిన పడుతుంది.

"ఎంత పెంచావురా?"

"ఆగిపోయేదాకా పెంచుకుంటూ పోయా. ఆగాక ఒక్క మెట్టు దిగా."

"వోల్టేజీ?"

ఆ సంగతే తట్టనట్టు వాడు పైకి చూశాడు. పైన కప్పు తప్ప ఏమీ లేదు.

"ఏం కాలేదు కదా అత్తా. తెర వెలిగింది, పాట పాడింది, రెండు గంటల నుంచి నడుత్తంది. ఆగలేదు కదా!"

ఆగలేదు నిజమే. తాగినవాడు కూడా ఆగడు, నడుస్తూనే ఉంటాడు. ఇంటికి చేరతాడా అన్నది ప్రశ్న. చిప్పు ఒక్కోసారి ఆగిపోదు, వేడికీ తొందరకీ ఒక చిన్న అంకె తప్పు వేసి, ఏమీ ఎరగనట్టు లెక్క ముందుకు లాగేస్తుంది. ఆ చిన్న అంకె చివరికి తుఫానునే పక్కకి తిప్పేయగలదు. రోజంతా దాని చేత గొడ్డుచాకిరీ చేయించి, జవాబు తెలిసిన లెక్క ఇచ్చి, తప్పు వేస్తుందేమో చూడాలి. అలా చూడకుండా వేగాన్ని నమ్మకూడదు.

ఇదంతా చెబితే వాడన్నాడు, "నువ్వు చూసేలోపు ఇంకో తుఫాను వత్తది. అప్పుడెవర్ని పోగొట్టుకుందాం?"

నేను లేచి గుమాస్తాని ఆర్పేశాను.

నమోదు 3
చిప్పు వేడి: నలభై. ఆర్పేసి ఉంది. కరెంటు లేదు.

నీటిపేటలో కరెంటు అందరిది. ఎండ పలకలూ, బ్యాటరీలూ ఒకే తెప్ప మీద ఉంటాయి. అక్కడ మీట దగ్గర సన్యాసమ్మ పిన్ని కూర్చుంటుంది. ఎవరు వెళ్ళినా ఒకటే అడుగుతుంది: "ఎవరికి?"

పేరు చెప్పాలి. మంచినీటి మోటారు వేయాలంటే, "మూడో వరసలో బాలింత చంద్రమ్మకి" అనాలి. దీపం కావాలంటే ఎవరి కళ్ళకో చెప్పాలి. పేట కట్టిన కొత్తలో ఎవరో ఊరికే పంకా వేసుకుని నిద్రపోతే, బ్యాటరీలు అయిపోయి, తెప్పల్లోకి చేరిన నీళ్ళు తోడే మోటారు ఆగిపోయిందట. అప్పటి నుంచి ఈ ఆచారం. ఒకసారి ఒకాయన గడ్డం గీసుకునే మిషనుకి "నాకే" అన్నాడు. ఇప్పటికీ ఆయన్ని "నాకే గారు" అనే పిలుస్తున్నారు. గుమాస్తాకి మాత్రం కొలతలు ఎక్కించుకోవడానికి పొద్దున్న రెండు గంటలు ఊరందరి పేరునా ఇస్తారు, అంతకు మించి కావాలంటే అడగాల్సిందే.

"రోజంతా గుమాస్తాకి కరెంటు కావాలి పిన్నీ," అన్నాను.

"ఎవరికి?"

"ఎవరికీ కాదు. ఉత్తినే లెక్కలు చేయించి చూత్తాను. జవాబు అక్కర్లేదు, పారేత్తాను."

పిన్ని నా మొహంలోకి చూసి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదే! పారెయ్యడానికి వండే ఇల్లాలిని నేనెక్కడా చూడలేదు. పోవే."

సభకి వెళ్ళాను. తెప్పపెద్ద లోవరాజు బాబాయ్ మీసం మీద చెయ్యి వేసి, "ఫలితం లేని పనికి కరెంటు లేదమ్మా. ఆచారం," అన్నాడు.

"ఫలితం ఉంది బాబాయ్. గుమాస్తా తప్పు లెక్క వేత్తందో లేదో తెలుత్తది."

"బులిబాబు బాగుచేసేసాడంట కదా. ఆగట్లేదంట కదా."

ఊరంతా బులిబాబుని మెచ్చుకుంటోంది. వేగంగా చెబుతుందంటే అందరికీ ఇష్టమే. నిజం చెబుతుందా అని అడిగేవాళ్ళు మాత్రం శనిలాగా కనిపిస్తారు. ఈ ఊళ్ళో ఎవరూ ఏనాడూ గుమాస్తాకి పరీక్ష పెట్టలేదు. పెట్టాలంటే పేరు చెప్పాలి కాబట్టి.

నమోదు 4
చిప్పు వేడి: రాయను. మనసు బాగాలేదు.

రేపు పోలమ్మ సంవత్సరీకం. కాకికి పెట్టడానికి కూడు వండాలి. ఉప్పు ఎంత వేయాలో తేల్చుకోలేక కూర్చున్నాను. ఆమెకి నచ్చినంత వేస్తే కాకి కూడా ముట్టదు.

అలా కూర్చుని ఉండగా తట్టింది. పోయినేటి తుఫాను కొలతలన్నీ గుమాస్తా పొట్టలోనే ఉన్నాయి. ఆ తుఫాను ఎటు నుంచి వచ్చిందో ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. అంతకన్నా గట్టి పరీక్ష ఏం కావాలి? జవాబు మా అందరి ఒంటి మీదా రాసి ఉంది.

పోలమ్మా, నువ్వు పోయాక కూడా నాకు పని పెడుతూనే ఉన్నావు.

నమోదు 5
చిప్పు వేడి: తొంభై మూడు. బులిబాబు వేగం మీద.

తెల్లారుతూనే బ్యాటరీ తెప్ప మీదకి వెళ్ళాను. లోవరాజు బాబాయ్ అక్కడే ఉన్నాడు. బులిబాబు నా వెనకే వచ్చాడు, ఎందుకు వచ్చానో తెలియక.

"ఎవరికి?" అంది సన్యాసమ్మ పిన్ని.

"పోలమ్మకి."

పిన్ని చెయ్యి మీట మీదే ఆగిపోయింది. "చచ్చినోళ్ళకి కరెంటేంటే?"

"కూడు పెడుతున్నాం కదా పిన్నీ. పోలమ్మ వచ్చి తింటందా? కాకి తింటది. కాకికి పెట్టిన కూడు పోలమ్మకి చేరితే, గుమాస్తాకి పెట్టిన కరెంటు చేరదా?"

బాబాయ్ మీసం మీద నుంచి చెయ్యి తీశాడు. "శాస్త్రంలో లేదమ్మా."

"శాస్త్రం రాసినాయనకి గుమాస్తా లేదు బాబాయ్."

అప్పుడు బులిబాబు ముందుకు వచ్చాడు. మొహం ఎర్రబడింది. "నీ పరీక్ష కోసం మా అమ్మ పేరు వాడుకుంటావా అత్తా?"

నాకు కోపం వచ్చింది. దాని కింద ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నా గొంతు ఎందుకో పెద్దదవుతుంది.

"నీకొక్కడికే పోయిందనుకున్నావురా? నీకు అమ్మ. నాకు రోజూ పోట్లాడ్డానికి ఉన్న ఒకే ఒక్క మనిషి! పోయినేటి తుఫాను లెక్క మళ్ళీ చేయిత్తాను, నీ వేగం మీదే. ఈశాన్యం అందా, నేను నోరు మూసుకుంటాను, వేగం నీదే. అనలేదా, నా మాట వింటావు."

నేను నోరు మూసుకుంటానన్న మాటకి బాబాయ్ ఆశపడ్డట్టున్నాడు. "వెయ్యి సన్యాసమ్మా," అన్నాడు.

లెక్క బులిబాబు చెప్పినట్టు ఆరు గంటల్లోనే అయింది. ఒక్కసారి కూడా ఆగలేదు. తెర మీద బాణం గుర్తు పడింది. ఆగ్నేయం. అంటే లైటుహౌసు వెనక్కి లాగమని.

బులిబాబు తెరని వేలితో తుడిచాడు, దుమ్ము పడిందేమోనని.

"కొలతల్లో ఏదో తేడా ఉండుంటది," అన్నాడు.

"అవే కొలతలు మళ్ళీ అడుగు."

మళ్ళీ అడిగాం. ఎండ ముదిరింది, చిప్పు ఇంకా వేడెక్కింది. పొద్దుగూకే వేళకి జవాబు వచ్చింది. పడమర. అంటే సముద్రపు తుఫాను కొండల మీద నుంచి దిగి వచ్చిందన్నమాట, చుట్టపు చూపుగా.

సన్యాసమ్మ పిన్ని తన తెప్ప వదిలి మరీ చూడటానికి వచ్చింది. "ఒకే మాట రెండుసార్లడిగితే రెండు రకాలుగా చెప్పేవాణ్ణి మనూళ్ళో ఏమంటారే?"

"అల్లుడంటాం పిన్నీ," అన్నాను.

బులిబాబు నవ్వలేదు. తెర వైపే చూస్తూ, "దీన్ని నమ్మి ఊరినంతా లైటుహౌసు ఎనక్కి లాగేసేవోణ్ణి అత్తా," అన్నాడు.

కాకి పోలమ్మ పిండాన్ని ముట్టింది. ఉప్పు ఆమె కొలతే వేశాను.

నమోదు 6
చిప్పు వేడి: డెబ్భై అయిదు. దీని వెనక చాకిరీ ఉంది.

పేరు చెప్పేశాం కాబట్టి సన్యాసమ్మ పిన్ని కరెంటు ఆపడం లేదు. పోలమ్మ పేరున ఇంకెన్నాళ్ళు పడుతుందని ఒకసారి అడిగింది. బతికున్నప్పుడు ఆమె ఏ పనైనా తొందరగా ముగించిందా అని నేను అడిగాను.

బులిబాబూ నేనూ కూర్చుని దీన్ని మొదటి నుంచీ మొదలుపెట్టాం. ముందు వేడి. పంకా రెక్కలకి సాంబ్రాణి మసి పట్టి ఉంది. మా వాళ్ళు అమావాస్య అమావాస్యకీ గుమాస్తాకి ధూపం వేస్తారు. భక్తి ఎక్కువైతే యంత్రానికి ఊపిరాడదు. మసంతా గీకేశాం. చిప్పుకీ, దాని మీద రాగి దిమ్మకీ మధ్య రాసే జిగురు ఎండి పెచ్చులుగా ఉంది. సభ దాచిపెట్టిన చివరి గొట్టంలోంచి బియ్యపు గింజంత తీసి రాశాం. లోవరాజు బాబాయ్ పక్కనే నిలబడి చూశాడు, బంగారం తూచేవాడిలా. దిమ్మ చుట్టూ పాత ఫ్రిజ్జు రాగి గొట్టం చుట్టి, అందులో వాన నీళ్ళు తిప్పి, ఆ నీళ్ళని తడి గోనె కప్పిన మట్టి కూజాలోంచి పోనిచ్చాం. గాలి వీచినంతసేపూ కూజా చల్లబరుస్తుంది.

తర్వాత వేగం. మొదటిసారి బులిబాబు పైనుంచి దిగాడు. ఈసారి నేను కింద నుంచి ఎక్కించమన్నాను. మెట్టు మెట్టుకీ లెక్క పెట్టాం. వోల్టేజీ తగ్గిస్తే తప్పు వస్తుంది, పెంచితే వేడెక్కుతుంది. రెండిటికీ మధ్య సందు వెతకాలి. వెతికే ఓపిక బులిబాబుకి ఉంటుందని నేను అనుకోలేదు. వాడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తప్పు వచ్చిన ప్రతిసారీ ఒక మెట్టు దిగాడు, అంతే.

ఎక్కీ దిగీ ఒక చోట నిలబడ్డాం. ఇవాళ తెల్లారాక మొదలుపెట్టిన లెక్క మిట్టమధ్యాహ్నం దాటగానే పూర్తయింది. ఈశాన్యం. నిన్న కూడా ఈశాన్యమే. మొన్న నడి ఎండలో కూజా ఎండగట్టి చూసినా ఈశాన్యమే.

నేను ఎగిరి గంతేయబోయాను. బులిబాబు కిటికీ వైపు చూస్తున్నాడు. కొత్త వంటతెప్ప మీద నుంచి పొగ లేస్తోంది, రెండో పూట వంటకి పొయ్యి రాజేస్తున్నారు.

"అత్తా, పోయినేడు కొలతలు తెల్లారే వచ్చాయి కదా."

"వచ్చాయి."

"తుఫాను ఎప్పుడు తగిలింది?"

వాడికి తెలుసు. నాకూ తెలుసు. పొద్దు కాస్త వాలాక తగిలి, రెండు గంటల్లో ఊడ్చుకుపోయింది. ఈ వేగంతో అయితే జవాబు ఇప్పుడే, ఈ వేళకే వచ్చేది. తెప్పలన్నీ కాలువలోకి లాగడానికి సరిపడా పొద్దు మిగిలేది.

వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. గుమాస్తా మీద నీళ్ళు పడకూడదని ఇద్దరం పక్కకి జరిగి ఏడ్చాం.

నమోదు 7
చిప్పు వేడి: డెబ్భై తొమ్మిది. ఊరి వేడి: కొలవలేం.

కొలత డబ్బాలు తెల్లారగానే అరిచాయి. తుఫాను. లెక్క మొదలుపెట్టాం. ఈసారి "ఎవరికి?" అని అడగకుండానే సన్యాసమ్మ పిన్ని మీట వేసింది. పేటలో దీపాలూ, మోటార్లూ అన్నీ ఆపించింది కూడా.

కాసేపటికి ఊరంతా మా తెప్ప చుట్టూ మూగింది. అందరిదీ ఒకటే మాట. పోయినేటిలాగే ఈశాన్యం, మడ కాలువలోకి పోదాం. లోవరాజు బాబాయ్ తలుపు దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు. మధ్యాహ్నం దాటాక పోటు మళ్ళుతుంది. మళ్ళితే తెప్పలు ఎటూ లాగలేం.

"ఎంత సేపమ్మా?"

"పోటు మళ్ళే ముందే వచ్చేత్తది బాబాయ్. కాస్త ముందు."

"కాస్తంటే? బులిబాబూ, నీ పాత వేగం పెట్టెయ్యరా! ఆరు గంటలన్నావు కదా! ఒక గంటైనా ముందొత్తది."

బులిబాబు చెయ్యి అక్కడే ఉంది. నాలుగు నొక్కులు నొక్కితే వేగం పెరుగుతుంది. తల్లిని పోగొట్టుకున్నవాడు, గంట విలువ ఈ ఊళ్ళో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు. నేను ఏమీ అనలేదు. అంటే నా మాట విన్నట్టవుతుంది, వాడు తేల్చుకున్నట్టు కాదు.

వాడు చెయ్యి తీసి, చెంబు అందుకుని కూజా మీద గోనె తడిపాడు.

"పెంచితే ముందే వత్తది తాతా. కానీ వచ్చేది జవాబు కాదు."

గాలి ఆగిపోయి ఉక్కపోసింది. కూజా చల్లబరచడం మానేసింది. వేడి ఎనభై దాటబోతుంటే సన్యాసమ్మ పిన్ని తాటాకు విసనకర్ర తీసుకుని కూజాకి విసరడం మొదలుపెట్టింది. దారిలో ఉన్నవాళ్ళందరి చేతా విసిరించింది. తెప్పపెద్ద చేత కూడా.

బాణం గుర్తు పడింది. దక్షిణం.

గోల మొదలైంది. పోయినేడు ఈశాన్యం కదా, లైటుహౌసు వెనక్కి పోతే చస్తాం కదా అని. రెండోసారి అడిగి చూడటానికి పొద్దు లేదు. నాకు కూడా నమ్మకం చాలలేదు, అబద్ధం ఎందుకు.

సన్యాసమ్మ పిన్ని విసనకర్ర ఎత్తి అందరినీ ఆపింది. "పోలమ్మ తుఫానుని ఇది మూడు రోజులు మూడుసార్లు ఒకేలా చెప్పింది. నేను చూసా. మీరెవరైనా మూడు రోజులు ఒకే మాట మీద నిలబడ్డారంట్రా? తాళ్ళిప్పండి!"

పోటు మళ్ళేలోపు చివరి తెప్ప లైటుహౌసు వెనక్కి చేరింది. అది వంటతెప్ప. బులిబాబు భుజాన తాడు వేసుకుని లాక్కొచ్చాడు.

నమోదు 8
చిప్పు వేడి: యాభై. అందరం ఉన్నాం.

దక్షిణపు గాలి రెండు రోజులు కొట్టింది. తెరిపిచ్చాక బాబాయ్ పడవ వేసుకుని మడ కాలువ చూసి వచ్చాడు. కాలువ నోరు దక్షిణం వైపే. సముద్రమంతా అందులోకి దూరి, చెట్లని వేళ్ళతో సహా ఒడ్డెక్కించింది. బాబాయ్ ఆ సంగతి చెప్పి, మీసం జోలికి పోకుండా కూర్చున్నాడు.

సభ మళ్ళీ తీర్మానించింది. ఇక మీదట అమావాస్య అమావాస్యకీ గుమాస్తాకి ధూపం బదులు పరీక్ష పెట్టాలి, పోయినేటి తుఫాను లెక్కతోనే. మొదటిసారిగా ఒక తీర్మానం నాకు నచ్చింది.

ఇవాళ అమావాస్య. కరెంటు అడగడానికి వెళ్ళి, నోరు తెరిచేలోపే సన్యాసమ్మ పిన్ని మీట వేసి, "తెలుసులేవే. పోలమ్మకేగా," అంది.

మధ్యాహ్నం బాణం పడింది. ఈశాన్యం. పోలమ్మా, బతికున్నన్నాళ్ళూ పూటకొక మాట మార్చావు, ఇప్పుడు నెల నెలా ఒకే మాట మీద ఉండబోతున్నావు. ఈ వేళకి తెలిసుంటే పొయ్యి ఆర్పేసి వచ్చేదానివా? రావు. పులుసు దగ్గరపడేదాకా కదలవు, నాకు తెలుసు. అయినా పరవాలేదు. నేనే వచ్చి, జుట్టు పట్టుకుని లాక్కొచ్చేదాన్ని.